అందరి వెనక: శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా

హైదరాబాదు నుంచి వెళ్ళిన మేము పన్నెండుగురం అక్టోబరు మూడవ వారంలో శ్రీనగర్ లాల్ చౌక్ వద్ద సైకిళ్ళెక్కినప్పుడు, మా బృంద నాయకుడు నాకు అప్పగించిన పని అందరికంటే వెనక రావడం. వెనక వచ్చేవాడు ఎవరినీ దాటకూడదు. ఎవరికి పంక్చరైనా, కాలు పట్టేసినా, టీ తాగాలనిపించి ఆగినా, ఆ మనిషి మళ్ళీ కదిలేదాకా పక్కనే నిలబడాలి. సాయంత్రం సామాను వ్యాను దగ్గర తలలు లెక్కపెట్టి నాయకుడికి చెప్పాలి. గంటకు ఎన్ని కిలోమీటర్లు తొక్కానో చూసుకోనిదే నిద్రపట్టని నాకు, మొదట్లో అది శిక్షలాగే తోచింది.

మా దారి 44వ జాతీయ రహదారి. కన్యాకుమారి చేరేసరికి మూడున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. ఊరు విడిచి ఇంకా చెమటైనా పట్టకముందే, పాంపోర్ దగ్గర మాలో పెద్దవారైన, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఒకాయన చైను జారి ఆగారు. చైను ఎక్కించి తలెత్తి చూస్తే రోడ్డుకు ఇరుపక్కలా కుంకుమపువ్వు పొలాలు. నేలకు జానెడు ఎత్తున ఊదారంగు పూలు, వాటి మధ్య వంగి బుట్టల్లోకి కోస్తున్న ఆడవాళ్ళు. ఒక్కో పువ్వులో మూడే ఎర్రని పోగులుంటాయి; ఆ మూడింటి కోసమే ఈ శ్రమంతా. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెబితే, ముందు వెళ్ళినవారిలో సగం మంది "ఏ పొలాలు?" అని అడిగారు.

బనిహాల్, నాశ్రీ సొరంగాల వద్ద సైకిళ్ళను వ్యానులోకి ఎక్కించాము. కాబట్టి దేశమంతా తొక్కామని చెప్పుకొనేటప్పుడు ఆ పదిహేడు కిలోమీటర్లూ మినహాయించాలి. రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిన చోట్ల ఆపిల్ లారీల మధ్య దుమ్ములో నడిపించిన దూరం మాత్రం లెక్కలోకి వస్తుందనే నా వాదన. పంజాబులో కోతలైన పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగకు కళ్ళు మండాయి. ఆ తరువాత చంబల్ వంతెన, బుందేల్‌ఖండ్ మిట్టలు, బర్మాన్ వద్ద నర్మద.

సివనీ దాటాక పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద నుంచి జంతువులు దాటిపోయేలా కట్టారు. పైన మేము, కింద ఎక్కడో పులులు. ఆ పూట మాత్రం అందరి వెనక ఉండడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

నాగపూరులో లెక్క పదకొండుకు తగ్గింది. రోజూ అందరికంటే ముందుండే కుర్రవాడు మోకాలు వాచి రైలెక్కాడు. బరువైన గేరులో బలంకొద్దీ నెమ్మదిగా తొక్కితే భారమంతా మోకాలి మీద పడుతుంది. తేలిక గేరులో చకచకా కాళ్ళాడించేవాడు చూడటానికి వెనకబడినట్టున్నా మర్నాడు లేవగలుగుతాడు. మా బ్యాంకు పెద్దాయన తొక్కుడు అదే. ఎక్కుడు వస్తే గేరు మార్చేవారు, ఆయాసం వస్తే ఆగేవారు, ఆగినందుకు ఎవరికీ క్షమాపణ చెప్పేవారు కాదు. పది రోజులుగా ఆయన వెనక చక్రాన్నే చూస్తూ వచ్చిన నేను, నాగపూరు నుంచి వేగం చూసుకోవడం మానేశాను.

పెన్‌గంగ వంతెన దాటగానే బోర్డుల మీద తెలుగు కనిపించింది. ఆదిలాబాదు దాటాక ఒక టీ బడ్డీ దగ్గర ఆగితే, నడివయసు ఇల్లాలు మా వాలకం చూసి, "ఏడికెల్లి వస్తున్రు పెద్దయ్యా?" అని ఆయనను అడిగింది. "కాశ్మీరుకెల్లి అమ్మా" అన్నారాయన. ఆమె సైకిళ్ళను ఎగాదిగా చూసి, "గక్కడ బస్సుల్లేవా?" అన్నది. నెల రోజుల ప్రయాణంలో మమ్మల్ని ఎందరో మెచ్చుకున్నారు గానీ, సరైన ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. ఆయన మాత్రం తడుముకోకుండా, "ఉన్నయి గానీ, అవి నేనాగమన్న కాడ ఆగవు" అన్నారు.

నిర్మల్ ఘాట్లు దిగి, సోన్ దగ్గర గోదావరి, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు పొలిమేరలో తుంగభద్ర దాటి, అనంతపురం మీదుగా బెంగళూరు చేరాము. తమిళనాట ఈశాన్య రుతుపవనాలు పట్టుకున్నాయి. సేలం నుంచి మదురై దాకా తడిసిన బట్టలు ఆరనేలేదు. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి మూడుసార్లు మార్చాము. గాలికి పేరుపడ్డ ముప్పందల్ వద్ద గాలిమరలు ఆ నెలలో బద్ధకంగా తిరుగుతున్నాయి; ఎదురుగాలి ఉంటుందని భయపడినదంతా వృథా అయింది.

ముప్పై ఏడవ రోజున కన్యాకుమారి చేరి తలలు లెక్కపెట్టాను, పదకొండూ సరిపోయాయి. మర్నాడు వివేకానంద శిల వద్దకు వెళ్ళే పడవ కోసం వరుసలో నిలబడినప్పుడు, అలవాటుగా మావాళ్ళందరినీ ముందుకు పంపి చివరన నిలుచున్నాను. ఇంతలో పిల్లలతో ఒక కుటుంబం వచ్చి నా వెనక నిలబడింది. అన్ని రోజుల తరువాత నా వెనక మరొకరు ఉండడంతో స్థిమితంగా నిలవలేక, వారు వస్తున్నారో లేదో అని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూనే పడవెక్కాను.