ఒకే కంప్యూటర్, వంతుల వారీగా భాషలు

నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం 1918లో ఏర్పడిన కాలానికి నిజాం రాజ్యంలో ప్రభుత్వ కచేరీల భాషా, పెద్ద చదువుల భాషా ఉర్దూయే. తెలుగు పుస్తకానికి ఒక నీడ కల్పించడమే ఆనాటి గ్రంథాలయోద్యమకారుల పట్టుదల. ఈనాడు మా ప్రాంతపు గ్రంథాలయాలలో ఆ రెండు భాషలూ, వాటితో పాటు హిందీ, ఇంగ్లీషూ ఒకే కంప్యూటర్ మీద వంతుల వారీగా నడుస్తున్నాయి. గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి తెలుగులో నోట్సు తయారు చేసుకుని లేవగానే, అదే కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని హైదరాబాద్ ఉర్దూ దినపత్రికను తెరుస్తారు.

ఇంట్లోని కంప్యూటర్‌కు లేని చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ముందు కూర్చున్నవారు కీబోర్డును తెలుగులోనో ఉర్దూలోనో వదిలి వెళ్తే, తరువాత వచ్చినవారు పాస్‌వర్డ్ టైపు చేసినప్పుడు తెర మీద చుక్కలే తప్ప అక్షరాలు కనిపించవు కనుక, తప్పు ఎక్కడ జరుగుతోందో వారికి అంతుపట్టదు. దరఖాస్తు చివరి తేదీ నాడు ఇలా జరిగితే ఆ కంగారు చూడలేము. విండోస్ మీటను నొక్కి పట్టి స్పేస్ బార్‌ను తట్టితే భాష మారుతుందనీ, తెర అడుగున గడియారం పక్కనే ఏ భాష నడుస్తోందో కనిపిస్తుందనీ ఒక కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి గోడకు అంటిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. బ్రౌజర్‌ను గెస్ట్ మోడ్‌లో వాడితే, కిటికీ మూసిన వెంటనే మనం చూసిన పేజీల జాడ కూడా చెరిగిపోతుంది.

తెలుగు రాయడానికి చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చే పద్ధతినే కోరుకుంటారు. విండోస్ 10లో 2019 నుంచి అటువంటి ఫొనెటిక్ కీబోర్డు ఉంది కూడా. అయినా పదిమంది వాడే యంత్రం మీద భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరుగా రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. అదీ విండోస్‌లోనే ఉంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించనవసరం లేదు. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి వైపు హల్లులూ ఉంటాయి. ‘కె’ మీద క, షిఫ్ట్‌తో ఖ, ‘డి’ మీద పొల్లు. కనుక క్క రావాలంటే క, పొల్లు, మళ్ళీ క కొట్టాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇదే అమరిక హిందీకీ మరాఠీకీ కన్నడానికీ వర్తిస్తుంది. ముంబైకి వలస వెళ్లివచ్చిన పాలమూరు బిడ్డ ఒకసారి తెలుగులో చేయి తిప్పుకుంటే, మరాఠీలో ఉత్తరం కొట్టడానికి మీటల స్థానాలను కొత్తగా నేర్చుకోవలసిన పని ఉండదు.

అచ్చు పనికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో తయారైన తెలుగు పీడీఎఫ్‌ల సంగతి వేరు. అవి చదవడానికి చక్కగానే ఉంటాయి గాని, అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ అక్షరాలు కానందువల్ల వాటిలోని వాక్యాన్ని నకలు చేసి మరొకచోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, పదం కోసం వెతికితే దొరకదు. ఇక టైపు చేయడం ఎందుకు, ఫోన్‌కు చెప్పి రాయించుకోవచ్చు కదా అంటారు కొందరు. పఠన మందిరంలో అందరూ ఫోన్‌కు చెప్పుకుంటూ కూర్చుంటే చదివేదెవరు?

తెలంగాణ రాష్ట్రమంతటా 2017 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. అయినా కంప్యూటర్‌లో ఉర్దూను అమర్చేటప్పుడు కీబోర్డుతోనే ఆగిపోవడం పరిపాటి. ఉర్దూకు అలవాటైన నస్తాలీఖ్ అనే వాలు రాత ఫాంటు లేకపోతే అక్షరాలు నస్ఖ్ అనే అరబీ రాత రూపంలో కనిపిస్తాయి. చిన్ననాటి నుంచి వాలుగా జారే రాతకు అలవాటుపడిన కళ్లకు అది ఉర్దూలా అనిపించదు. ఉర్దూ వాక్యం కుడి నుంచి ఎడమకు సాగుతూనే, మధ్యలో అంకె గాని ఇంగ్లీషు మాట గాని వస్తే ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది, కర్సర్ ఎక్కడికో దూకినట్లుంటుంది. పక్కన కూర్చుని ఒకసారి చూపించేవారు ఉంటే సరిపోతుంది.

తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకు మాత్రం ఏ కీబోర్డు ఎంచుకోవాలన్న ప్రశ్నే వేరుగా ఉంటుంది. వారి భాష గోర్ బోలీకి తరతరాల నుంచి వచ్చిన సొంత లిపి లేదు గనుక, దేవరకొండ వైపు పిల్లలు ఇంటి పాటలను తెలుగు లిపిలోనే రాసుకుంటారు. వారికి కావలసిందీ తెలుగు కీబోర్డే. అయితే ఊహించి పదాలను దిద్దే సదుపాయాన్ని ముందు ఆపివేయాలి, లేకపోతే అది వారి మాటలను తెలుగు మాటలుగా మార్చేస్తుంది.