నా బాస్ నోరు తెరిచేదాకా

ఎన్వలప్ ఫిల్టర్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు తపాలా కవరుకూ గిటార్‌కూ సంబంధం ఏమిటా అనుకున్నాను. తీగ మీటగానే శబ్దం ఒక్కసారి లేచి, మెల్లగా వాలిపోతుంది కదా, ఆ ఎత్తుపల్లాల ఆకారాన్నే ఎన్వలప్ అంటారని తరువాత తెలిసింది. ఎన్వలప్ ఫిల్టర్ అంటే గిటార్ వైరు దారిలో తగిలించి, కాలితో తొక్కి వేసే చిన్న డబ్బా, పెడల్. అది ఆ ఆకారాన్ని కనిపెట్టి, దాన్ని బట్టి లోపలి ఫిల్టర్‌ను, అంటే శబ్దంలో కొంత భాగాన్నే వదిలే జల్లెడను, తెరుస్తుంది, మూస్తుంది. గట్టిగా మీటితే బాగా తెరుచుకుంటుంది, మెత్తగా మీటితే సగంలోనే ఆగిపోతుంది. పాదంతో ఆడిస్తూ ‘వావా’ అనిపించే వావా పెడల్‌లో పాదం చేసే పనిని ఇక్కడ వేళ్లే చేస్తాయన్నమాట.

ఇంట్లో అమ్మకు దీని సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు మోర్సింగ్‌ను ఆసరా చేసుకున్నాను. మోర్సింగ్ నాలుక మోగే శ్రుతి ఒక్కటే. వాయించేవాడు తన నోటిని కాస్త విప్పి, కాస్త ముడిచి అందులోంచే ‘ఓయ్’ అనీ ‘వావ్’ అనీ పలికిస్తాడు. నేను వాయించే బాస్ గిటార్‌కు, అంటే మంద్ర స్వరాలు పలికే గిటార్‌కు, నోరు లేదు. ఈ డబ్బా ఆ నోరు. “అంత చిన్న డబ్బాకు అంత డబ్బా?” అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు మాత్రం మోర్సింగ్ అక్కరకు రాలేదు.

నేను సికింద్రాబాద్‌లో ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల రోజుల్లో పెళ్లి సంగీత్‌లలో బాస్ వాయిస్తాను. రెండు చోట్లా బాస్ పని ఇంటికి పునాది లాంటిది, ఎవరూ చూడరు, లేకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. నిరుడు స్నేహితులం ఐదుగురం కలిసి ఫంక్, అంటే లయా బాసూ ముందుండి నడిపే అమెరికన్ సంగీతం, వాయించే బృందం ఒకటి పెట్టుకున్నాం. 1970లో ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించి, ఆ తరువాత మరో ఫంక్ దిగ్గజం జార్జ్ క్లింటన్ బృందంలో చేరిన బూట్సీ కాలిన్స్ బాస్ వింటే ఎవరికైనా ఆ పిచ్చి పట్టుకుంటుంది. ఆయన బాస్ మాట్లాడుతుంది, వెక్కిరిస్తుంది, నీళ్లలో మునిగి తేలుతుంది. ఆయన వాడినది మ్యూట్రాన్ త్రీ. మైక్ బీగెల్ రూపొందించగా 1972లో మ్యూజిట్రానిక్స్ సంస్థ తెచ్చిన పెడల్ అది. గాయకుడు స్టీవీ వండర్ వాయించే క్లావినెట్ అనే కీబోర్డును కూడా అలా పలికించింది అదే. దాని లోపల ఒక చిన్న ఎల్ఈడీ, ఎదురుగా వెలుగును బట్టి నిరోధం మారే భాగం ఉంటాయి. మనం గట్టిగా మీటితే ఆ దీపం ఎక్కువ వెలుగుతుంది, ఫిల్టర్ కదులుతుంది. నా వేలి బలం చీకటి పెట్టెలో ఒక దీపాన్ని పెద్దది చేసి చిన్నది చేస్తుందని తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత మ్యూట్రాన్ కొనే స్తోమత లేదు. గిటార్ కోసం చేసిన పెడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తే తెప్పించుకున్నాను. పేరెందుకులెండి, గిటారిస్టుల చేతిలో అది బంగారమే. గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే ప్రతి స్వరమూ నోరారా పలికింది. గంటలకు గంటలు వాయించాను. శనివారం ప్రాక్టీసుకు తీసుకెళ్లి, పాట మధ్యలో తొక్కాను. రెండు ఆవర్తాలు గడిచాయో లేదో మా డ్రమ్మర్ కర్రలు ఎత్తి ఆపేశాడు.

“తమ్ముడూ, తీగ తెగిందా?”

“లేదన్నా, పెడల్ వేశాను.”

“మరి బాస్ ఏది?”

నిజమే. నాకు ‘వావ్’ వినిపిస్తోంది, బాస్ వినిపించడం లేదు. బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ, ఇ, 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలతో మోగుతుంది. గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ మోగేది 82 దగ్గర, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన. గిటార్ కోసం చేసిన ఆ ఫిల్టర్ తిరిగే చోటు ఇంకా పైన, వందల హెర్ట్జ్‌ల్లో ఉంది. పైగా అది బ్యాండ్ పాస్ రకం. ఒక పట్టీ వరకే దారి వదిలి, దాని పైదాన్నీ కిందిదాన్నీ ఆపేస్తుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు లేని అడుగును నా చెవే ఊహించుకుంది. డ్రమ్స్, కీబోర్డు చేరేసరికి ఆ ఊహ నిలవలేదు. పునాది వేయాల్సినవాణ్ణి గోడకు రంగులు వేస్తూ కూర్చున్నాను.

అక్కడితో ఆగానా అంటే లేదు. రెండు వారాల పాటు ఇంకో తప్పు చేశాను. చర్చిలో వాయించేటప్పుడు బాస్ హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా ఉండాలని బాస్ నుంచి వచ్చే వైరు మొదట కంప్రెసర్‌లోకి వెళ్లేలా పెట్టుకుంటాను. ఫిల్టర్‌ను దాని తరువాత తగిలించాను. కంప్రెసర్ పని ఎత్తుపల్లాలను చదును చేయడం, ఫిల్టర్ తినే తిండి ఆ ఎత్తుపల్లాలే. ఒకరు ఖాళీ చేసిన కంచాన్ని ఇంకొకరి ముందు పెట్టి, ఎందుకు తినడం లేదని అడిగినట్టుంది నా వ్యవహారం. ఎలా మీటినా ఫిల్టర్ ఒకే మేర తెరుచుకుంటోంది. వైర్లు మార్చి ఫిల్టర్‌ను ముందుకు, కంప్రెసర్‌ను వెనక్కు పెట్టాక గానీ అది నా చేతి మాట వినలేదు.

ఆ డబ్బాను కొన్న ధరకే అమ్మేసి, ఈసారి తొందరపడకూడదని పరీక్ష పద్ధతి మార్చుకున్నాను. ఒంటరిగా వినను. ఫోనులో మా డ్రమ్మర్ వాయించిన దరువును రికార్డు చేసుకుని, ఎక్కడికి వెళ్లినా దాన్ని స్పీకర్‌లో పెట్టి, దాని మీద ఒకే నాలుగు ఆవర్తాల వరుసను వాయించాను. మొదటి దెబ్బ ఇ తీగ మీద గట్టిగా, మధ్యలో శ్రుతి లేని రెండు ‘టక్ టక్’లు, చివర జి తీగను వేలితో లాగి వదిలే స్వరం. అంతే.

పరిచయస్తుల దగ్గర ఎలక్ట్రో హార్మోనిక్స్ మైక్రో క్యూట్రాన్ దొరికింది. దాన్ని లో పాస్‌లో పెట్టగానే ప్రాణం లేచివచ్చింది. లో పాస్ కింది శబ్దాన్ని వదిలేసి పైదాన్ని మాత్రమే కోస్తుంది కాబట్టి ఫిల్టర్ మూసుకున్నప్పుడు కూడా అడుగు నిలిచింది. బాస్ వాయించేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే, ఏ పెడల్ చేతికొచ్చినా ముందు లో పాస్ ఉందా చూడండి. ఇంకొకరి దగ్గర బాస్ (Boss) అనే పెడల్ సంస్థ వారి ఏడబ్ల్యూ త్రీ ఉంది. గిటార్‌కు ఒకటి, బాస్‌కు ఒకటి వేరు వేరు జాక్‌లున్న పెడల్ అది. హ్యూమనైజర్ అనే మోడ్‌లో పెడితే అచ్చులు పలుకుతుంది. సగం రోజు దానితోనే ‘ఆ, ఈ’ అనిపిస్తూ కూర్చున్నాను. అడిగితే యజమాని అమ్మనన్నాడు. మంచిదే అయింది, అన్ని మోడ్‌లుంటే నేను పాట నేర్చుకునే రకం కాదు.

మూడోది దుకాణంలో చూసిన ఎంఎక్స్ఆర్ ఎం82. ఐదు నాబ్‌లు, వాటిలో ఫిల్టర్ శబ్దానికి ఒకటి, బాస్ అసలు శబ్దానికి వేరుగా ఒకటి. ఫోనులో దరువు పెట్టి, అసలు శబ్దాన్ని సున్నాలో ఉంచి వాయించాను. నోరు కనిపించింది, ఒళ్లు కనిపించలేదు. ఆ నాబ్‌ను మెల్లగా తిప్పుతూ పోయాను. నాబ్ మీది గీత గడియారంలో పదింటి ముల్లు ఉండే చోటికి రాగానే కింది నుంచి ఏదో తోడొచ్చింది. పన్నెండు దాటితే ఆ తోడే పెద్దరికం చేసి ‘వావ్’ను కప్పేస్తోంది. పదకొండు దగ్గర రెండూ విడివిడిగా వినిపిస్తూ ఒకే వాద్యంలా అతుక్కున్నాయి. కిక్ డ్రమ్ పడిన చోటే నా ఇ తీగ దిగింది, దాని మీద నోరు తెరుచుకుంది.

అసలు కుస్తీ, ఎంత బలంగా మీటితే ఫిల్టర్ తెరుచుకోవాలో తేల్చే సెన్స్ నాబ్‌తో జరిగింది. నాది బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ను పెంచే భాగం, లోపలే ఉన్న బాస్, సిగ్నల్ బలంగా వస్తుంది. నాబ్ మధ్యలో ఉంటే మెత్తగా మీటినా ఫిల్టర్ బార్లా తెరుచుకుంటోంది, ‘టక్ టక్’లు కూడా అరుస్తున్నాయి. చాలా తగ్గిస్తే లావు తీగకు మాత్రమే పలికి, సన్నని జి తీగను పట్టించుకోవడం లేదు. చివరికి ‘టక్ టక్’లు మూతి బిగించుకుని, మొదటి దెబ్బకు మాత్రమే నోరు తెరిచే చోటు దొరికింది. అక్కడి నుంచి వెంట్రుకవాసి జరిపినా పోతుంది, నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకున్నాను. జి తీగ సంగతి నా వేలే చూసుకోవాల్సి వచ్చింది. దాన్ని ఇంకాస్త గట్టిగా లాగడం అలవాటు చేసుకున్నాను. ఇంకో సంగతి, బాస్ వాల్యూమ్ తగ్గిస్తే ఫిల్టర్ కూడా మూగబోతుంది. అందుకే ఇప్పుడు బాస్ మీది వాల్యూమ్ జోలికి పోను, మోత ఎంత ఉండాలో పెడల్ దగ్గరే చూసుకుంటాను.

రెండు సంగీత్‌ల సంపాదన దుకాణంలో పెట్టి దాన్ని ఇంటికి తెచ్చాను. చవక అడాప్టర్ తగిలిస్తే జుమ్మని మోగింది, మంచిది కొంటే ఆ గోల తీరింది. ప్రాక్టీసులో మా డ్రమ్మర్ ఈసారి కర్రలు ఎత్తలేదు. పాట అయ్యాక “ఆ చివరి ముక్క ఇంకోసారి” అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

ఫిల్టర్‌ను అన్నిటికన్నా ముందు పెట్టడంతో అది శ్రుతి చూసుకునే ట్యూనర్ పెడల్ పక్కకు చేరింది. పాటకూ పాటకూ మధ్య బాస్ చప్పుడు ఆపడానికి నేను ట్యూనర్‌ను తొక్కుతాను. ఓ ఆదివారం అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా, చూడకుండా కాలు వేశాను. పక్కది పడింది. చెయ్యి కూడా తీగకు తగిలింది. అంత నిశ్శబ్దంలో ‘బ్యాఁవ్’ అని ఒక శబ్దం బయటికొచ్చింది. అమెరికాలో దీన్ని బాతు అరుపుతో పోలుస్తారు. మా చర్చిలో మొదటి వరుసలో కూర్చునే పెద్దావిడకు మాత్రం వేరేలా వినిపించినట్టుంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, కింద వైర్ల మధ్య వంగి చూస్తూ అడిగింది.

“బాబూ, లోపలికి కప్ప ఏమైనా వచ్చిందా?”