బాంటమ్ పిల్లలు: గుడ్డు పొదగడం నుంచి మందలో కలిపేదాకా

మామూలు కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు. ఇంక్యుబేటర్‌తో వచ్చే పట్టికలన్నీ ఆ లెక్కకే ఉంటాయి: 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపండి, తేమ పెంచండి అని. బాంటమ్‌లనే పొట్టి రకం కోళ్ల గుడ్లు చాలాసార్లు అంతదాకా ఆగవు. 19వ రోజుకే పెంకు మీద మొదటి పగులు కనిపిస్తుంది. 20వ రోజుకు కొన్ని పిల్లలు బయటపడిపోతాయి కూడా. పట్టికను నమ్మి 18 నిండేదాకా తిప్పుతూ ఉంటే, తల గుడ్డు వెడల్పు కొసలో ఉండే గాలి గది వైపు సర్దుకోవాల్సిన సమయంలో పిల్ల ఇంకా దొర్లుతూనే ఉంటుంది. అందుకే బాంటమ్‌లకు 17వ రోజు నిండగానే తిప్పడం ఆపేయాలి. లెక్క మొదలుపెట్టడంలోనూ జాగ్రత్త ఉండాలి. గుడ్లు పెట్టిన రోజు సున్నా, 24 గంటలు నిండితే ఒకటి.

బాంటమ్‌ల విషయంలో జరిగే నష్టాలు చాలావరకు ఇలాంటివే. పెద్ద కోడి కోసం రాసిన కొలతను చిన్న ఒంటికి వాడేస్తాం. వేడి, తేమ, నీళ్ల పాత్ర లోతు, జాలీ కన్ను, మేత పలుకు, అన్నిటినీ ఈ చిన్న ఒంటికి తగ్గట్టు మార్చుకోవాలి.

ముందు గుడ్లు. కొత్తగా గుడ్లు మొదలుపెట్టిన పెట్టవి పొదిగించవద్దు. ఆ గుడ్లు మరీ చిన్నవి, వాటిలోంచి వచ్చే పిల్లలూ నలుసులంతే ఉంటాయి. గుడ్డు సైజు నిలకడగా వచ్చేదాకా రెండు నెలలు ఆగడం మంచిది. పెంకు గరుకుగా ఉన్నవి, సన్నగా సాగినవి, నెర్రె విచ్చినవి పక్కన పెట్టేయాలి. మురికి గుడ్డును కడగకూడదు. తడి తగిలితే పెంకు రంధ్రాల్లోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. నిల్వకు 13 నుంచి 16 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. ఫ్రిజ్ అంతకంటే బాగా చల్లగా ఉంటుంది కాబట్టి అందులో పెట్టవద్దు. మొన వైపు కిందికి ఉంచి, ఏడు రోజుల్లోపు పొదిగించాలి. ఆపైన ప్రతి రోజూ పొదిగే అవకాశం తగ్గుతూ పోతుంది. దూరం నుంచి తెప్పించిన గుడ్లయితే ఒక రోజంతా కదపకుండా నిలబెట్టి, కుదుపులకు చెదిరిన గాలి గది స్థిరపడ్డాకే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి.

రెండు జాతుల సంగతి విడిగా చెప్పాలి. పెకిన్ లాంటి బొద్దు ఈకల కోళ్లలో గుడ్లు గొడ్డుపోవడానికి చాలాసార్లు వెనక భాగంలోని దట్టమైన ఈకలే కారణం. పుంజుకీ పెట్టకీ మలద్వారం చుట్టూ ఈకలు కత్తిరిస్తే తేడా కనిపిస్తుంది. ఇక జపనీస్ బాంటమ్. ఆ పొట్టి కాళ్లకు కారణమైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిల్ల పెంకులోనే చనిపోతుంది. పొట్టి కాళ్ల పుంజును పొట్టి కాళ్ల పెట్టతో జత కడితే సగటున నాలుగో వంతు గుడ్లు ఇలా పోతాయి. ఇంక్యుబేటర్‌ను తప్పు పట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఒకదానికి పొట్టి కాళ్లు, ఒకదానికి పొడుగు కాళ్లు ఉన్న జతను ఎంచుకుంటే ఈ నష్టం ఉండదు. పిల్లల్లో మాత్రం సుమారు సగం పొడుగు కాళ్లవి వస్తాయి.

పొదుగుకు కూర్చున్న పెట్ట ఉంటే యంత్రం జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. సిల్కీ, పెకిన్ పెట్టలు ఈ పనిలో మహా నమ్మకస్తులు. బాంటమ్ పెట్ట కింద దాని సొంత సైజు గుడ్లు ఆరు నుంచి ఎనిమిది దాకా పెట్టవచ్చు. ఒక్క గుడ్డు బయటికి కనిపించినా ఎక్కువ పెట్టినట్టే. పెట్ట గుడ్లను అటూ ఇటూ జరుపుతుంటుంది కాబట్టి రోజుకో గుడ్డు అంచుకు వచ్చి చల్లబడుతుంది, చివరికి అన్నీ పాడవుతాయి. గుడ్లన్నిటి మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వేరే పెట్టలు వచ్చి ఆ గూట్లోనే గుడ్డు పెట్టిపోతే గుర్తు లేనిదాన్ని ఆ రోజే తీసేయవచ్చు. అసలు పెట్టను వేరే చోటికి మార్చడమే మంచిది. ఆ పని చీకటి పడ్డాక చేయాలి. ఒకటి రెండు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, కుదురుగా ఉందని తేలాక అసలువి పెట్టాలి. కూర్చోబెట్టే ముందు రెక్కల కింద, తోక దగ్గర పేలు ఉన్నాయేమో చూసి మందు చల్లాలి. మూడు వారాలు కదలకుండా కూర్చునే కోడి పేలకు ఆహారమైపోతుంది, తట్టుకోలేక గుడ్లు వదిలి లేచిపోతుంది. రోజుకోసారి లేచి మేత తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి పావుగంట, ఇరవై నిమిషాల్లో తిరిగి వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

ఇంక్యుబేటర్ అయితే ముందు థర్మామీటర్‌ను నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌తో పోల్చి చూడండి. తేమ మీటర్‌ను పరీక్షించడానికి చిన్న మూతలో ఉప్పు తీసుకుని, ముద్దగా తడిసేటన్ని నీళ్లు చుక్కలుగా పోసి, దాన్నీ మీటర్‌నూ కలిపి గాలి చొరబడని సంచిలో కొన్ని గంటలు ఉంచితే 75 శాతం చూపాలి. చూపకపోతే ఎంత తేడా ఉందో రాసి పెట్టుకోండి.

ఫ్యాన్ ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదాంట్లో గుడ్డు పై అంచు ఎత్తులో కొలిస్తే 38.3 నుంచి 38.8 వరకు ఉండాలి. ఇక్కడే బాంటమ్‌లకు ఒక చిక్కు ఉంది. ఫ్యాన్ లేని పెట్టెలో పైన వేడి ఎక్కువ, కింద తక్కువ. బాంటమ్ గుడ్డు పై అంచు పెద్ద గుడ్డు కంటే కిందికి ఉంటుంది. రెండు రకాలూ కలిపి పెట్టి, థర్మామీటర్‌ను పెద్ద గుడ్డు ఎత్తులో ఆనిస్తే చిన్న గుడ్లకు వేడి చాలదు. అవి ఆలస్యంగా, నీరసంగా పొదుగుతాయి. రెండిటినీ కలపకండి.

తేమకు మొదటి 17 రోజులు 45 నుంచి 50 శాతం అని చెబుతారు. అది మొదలుపెట్టడానికి పనికొస్తుంది, కానీ అసలు నిజం చెప్పేది తూకం. లోపలి నీరు ఆవిరై గుడ్డు బరువు తగ్గాలి, గాలి గది పెరగాలి. పొదిగే నాటికి ఆ తరుగు 12 నుంచి 13 శాతం దాకా రావాలి. చిన్న గుడ్డుకు బరువుతో పోలిస్తే పెంకు వైశాల్యం ఎక్కువ, అందుకని త్వరగా ఆరిపోయే ప్రమాదం ఉంది. పది గుడ్లు కలిపి 350 గ్రాములు తూగాయనుకుందాం. 7వ రోజుకు సుమారు 333కి, 17వ రోజుకు సుమారు 308కి రావాలి. 7వ రోజుకే 325 చూపితే తేమ పెంచాలి, 341 ఉంటే నీళ్లు తగ్గించాలి. మధ్యలో తీసేసిన గుడ్ల బరువును మొదటి తూకంలోంచి కూడా తీసేయడం మరవకండి.

తిప్పడం రోజుకు కనీసం మూడుసార్లు. రాత్రంతా గుడ్డు ప్రతిసారీ ఒకే పక్కన పడి ఉండకుండా బేసి సంఖ్యలో తిప్పాలి. ఆటోమేటిక్ ట్రేలు పెద్ద గుడ్ల కోసం చేసినవైతే బాంటమ్ గుడ్లు వాటిలో ఒదుగుగా నిలవవు, ట్రే వంగినా గుడ్డు జారి తన పాటికి తాను ఉంటుంది. చిన్న గుడ్ల ట్రే దొరక్కపోతే చేత్తో తిప్పడమే నయం.

7వ రోజు చీకటి గదిలో టార్చ్ లైట్ ఆనించి చూడండి. బాంటమ్ గుడ్లలో చాలా వాటి పెంకు తెల్లగా, లేత గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి లోపల స్పష్టంగా కనిపిస్తుంది. సాలెగూడులా పాకిన ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క ఉంటే పిల్ల బతికి ఉన్నట్టు. ఏమీ లేక పచ్చగా వెలిగితే గొడ్డు గుడ్డు. నెత్తురు గీత గుండ్రంగా వలయం కట్టి ఉంటే పెరుగుదల ఆగిపోయినట్టు. ఈ రెండు రకాలనూ తీసేయాలి. చెడిన గుడ్డు లోపల పగిలితే మిగతావన్నీ పాడవుతాయి.

17వ రోజు తిప్పడం ఆపి, తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి, గుడ్ల కింద గరుకు బట్టో రబ్బరు జాలీయో పరచండి. ఇక మూత తీయవద్దు. పిల్ల ముందు లోపలి పొరను చీల్చి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. అప్పటినుంచే కీచుమనడం వినిపిస్తుంది. తర్వాత పెంకు మీద చిన్న పగులు పడుతుంది. ఆ తర్వాత 12 నుంచి 24 గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చూసేవాళ్ల ఓపిక పోయేది ఇక్కడే. లోపల మాత్రం పని నడుస్తోంది: పొర నరాల్లోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతోంది, మిగిలిన పచ్చసొన పొట్టలోకి పోతోంది. ఈ దశలో పెంకు గిల్లితే నెత్తురు కారి పిల్ల చనిపోతుంది. మూత తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నది తిరగలేదు, బయటికి రాలేదు.

పగులు పడి 24 గంటలు దాటినా ముందుకు సాగక, పొర పసుపు-గోధుమ రంగుకు తిరిగి ఎండినట్టు కనిపిస్తేనే చేయి వేయాలి. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదిపుల్లతో, ముక్కు రంధ్రాలకు నీరు తగలకుండా పొరను తడపండి. తడిసిన పొరలో ఎర్ర నరం కనిపించిందంటే ఆగి, గుడ్డును మళ్లీ లోపల పెట్టేయాలి. కనిపించకపోతే గాలి గది అంచు వెంబడి పెంకును కొద్దికొద్దిగా తీయవచ్చు. ఆఖరి తన్ను పిల్లే తన్నుకోవాలి.

పొదిగిన పిల్లలు నూగు ఆరేదాకా లోపలే ఉండవచ్చు. పొట్టలో చేరిన పచ్చసొన రెండు రోజుల దాకా వాటికి ఆధారం.

పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె బ్రూడర్. అందులో మొదటి వారం దీపం కింద, పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. దీపం ఒక మూలనే ఉంచి రెండో వైపు చల్లగా వదలండి, ఎక్కడ ఉండాలో పిల్లలే తేల్చుకుంటాయి. చిన్న పెట్టెకు 250 వాట్ల ఎర్ర దీపం ఎక్కువైపోతుంది, చల్లటి మూల అంటూ మిగలదు. దీపాన్ని వైరు మీద వేలాడదీయవద్దు. గొలుసుతో కట్టి, అది తెగినా ఆపేలా ఇంకో కట్టు వేయాలి. పొడి పరుపు మీద దీపం పడితే నిమిషాల్లో అంటుకుంటుంది. పిల్లలు కుప్పగా చేరి గట్టిగా అరుస్తుంటే చలి, గోడలకు అంటుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. బాంటమ్ పిల్లలు పెద్ద జాతి పిల్లలకంటే త్వరగా చల్లబడతాయి. ఒకే బ్రూడర్‌లో రెండిటినీ ఉంచితే కుప్పపడ్డప్పుడు నలిగేవి చిన్నవే.

నీళ్ల పాత్ర లోతు తక్కువగా ఉండాలి, అందులో గోళీలో గులకరాళ్లో నింపాలి. వేలెడంత లోతు నీళ్లు చాలు ఈ పిల్లలు మునిగిపోవడానికి. పాత్రను దీపానికి దూరంగా, కానీ చలిమూలలో కాకుండా పెట్టి, మొదటి రోజు ఒక్కో పిల్ల ముక్కును నీటికి తాకించండి. మేత 20 నుంచి 22 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్, అంటే చిన్న పిల్లల దాణా. క్రంబుల్ రూపంలో, అంటే నలిపిన పలుకులుగా వచ్చేది కూడా వీటికి పెద్దదే, మొదటి వారం మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పెట్టండి. గుడ్లు పెట్టే కోళ్ల దాణా పెట్టకూడదు. అందులోని కాల్షియం పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది.

కింద న్యూస్‌పేపర్ పరిస్తే కాళ్లు జారి రెండు పక్కలకు పోతాయి. అలా అయిన పిల్లకు వెంటనే మెత్తటి బ్యాండేజీ పట్టీతో రెండు కాళ్లనూ, నిలబడినప్పుడు ఉండే ఎడంలో కలిపి కడితే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఆలస్యం చేస్తే నయం కాదు. మొదటి మూడు రోజులు గరుకు గుడ్డ, ఆపైన చెక్క పొట్టు గానీ వరి ఊక గానీ వేయండి.

రోజూ వెనక భాగం చూడాలి. రెట్ట అంటుకుని ఎండితే ద్వారం మూసుకుపోయి పిల్ల చనిపోతుంది. గోరువెచ్చని నీటితో నానబెట్టి తుడవాలి, లాగితే చర్మం ఊడొస్తుంది. కొంచెం కింద, పొట్ట మీద ఉండే నల్లటి పొక్కు మాత్రం బొడ్డు. దాన్ని రెట్ట అనుకుని పీకకండి.

మూడో వారం నుంచి భయపడాల్సింది కాక్సిడియోసిస్ గురించి, అంటే పేగుల్లో చేరే క్రిమి వల్ల వచ్చే జబ్బు. పరుపు తడిగా ఉంటే ముంచుకొస్తుంది. రెక్కలు వాల్చి, ముడుచుకుని నిలబడడం, రెట్టలో రక్తం దాని గుర్తులు. దానికి ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు సీసా మీద చూసి, వీలైతే పశువైద్యుణ్ణి అడిగి వాడాలి. ఆ రోజుల్లో బి1 ఉన్న విటమిన్ మందు ఇవ్వకూడదు. ఆంప్రోలియం పనిచేసేదే ఆ క్రిమికి బి1 అందకుండా చేసి. మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా మాత్రం పొదిగిన మొదటి రోజే వేయించుకోవాలి. సెబ్రైట్, సిల్కీ జాతులు ఆ జబ్బుకు తేలిగ్గా లొంగుతాయి.

రెండో వారానికే బాంటమ్ పిల్లలు ఎగిరి పెట్టె అంచు మీద కూర్చుంటాయి, పైన జాలీ వేయాలి. బయటి గూటికి 12 మిల్లీమీటర్ల కన్ను ఉన్న ఇనుప జాలీ వాడండి. అంతకంటే పెద్ద కన్నులోంచి పిల్ల బయటికి దూరుతుంది, ఎలుక లోపలికి దూరుతుంది.

ఆరు వారాలకు ఈకలు నిండుతాయి. సిల్కీల ఈకలు నీటిని ఆపవు, వాటిని వానకు తడవనివ్వకూడదు. మందలో ఒక్కసారిగా వదలకుండా, రెండు వారాలు జాలీకి అటూ ఇటూ ఉంచి చూపులు కలిపించి, ఆ తర్వాత రెండు మూడు పిల్లలను కలిపి వదలాలి. పెద్ద కోళ్లు దూరలేని సందు ఒకటి వదిలి, దాని వెనక పిల్లల మేత, నీళ్లు పెట్టండి. తరిమినప్పుడు దాక్కునే చోటు కూడా అదే అవుతుంది. తురాయి ఉన్న జాతులకు ముందు చూపు సరిగా ఆనదు, తల మీద పొడుపులూ వాటికే ఎక్కువ పడతాయి. కళ్లకు అడ్డొచ్చే ఈకలు కత్తిరించి, తల మీద రక్తం కనిపించిన పిల్లను ఆ పూటే విడదీయాలి.

పొదిగినవాటిలో సుమారు సగం పుంజులే ఉంటాయి. చాలా జాతుల్లో ఆరేడు వారాలకు తల మీది జుట్టు ఎర్రబడి పుంజు తెలిసిపోతుంది, సిల్కీల్లో నాలుగైదు నెలలు పట్టవచ్చు. మిగులు పుంజులను ఎవరికిస్తారో, ఎక్కడ విడిగా ఉంచుతారో గుడ్లు పొదిగించే ముందే అనుకోండి. కూత పట్టాక ఒకే దొడ్లో మూడు పుంజులు, నాలుగు పెట్టలు ఉంటే పెట్టల వీపుల మీద ఈకలు మిగలవు.