తాత పేరే మనవడికి: మాసిడోనియా రాజులతో నా తిప్పలు

హిస్టరీ ఆప్షనల్ వాళ్ల కోసం రాస్తున్నా, గ్రూప్స్‌కి చదివేవాళ్లకీ కొంత పనికొస్తుంది.

అశోకుడు తాను ధర్మప్రచారం పంపిన గ్రీకు రాజుల పేర్లు 13వ శిలాశాసనంలో చెక్కించాడు. ఒక మాక్ టెస్ట్‌లో అందులోని 'అంతెకిన' ఎవరు అని బిట్ వచ్చింది. ఆంటిగోనస్ అని తెలుసు కదా అని, ఆప్షన్లలో మొదట కనిపించిన, అలెగ్జాండర్ సేనాని ఒంటికన్ను ఆంటిగోనస్‌కి టిక్ పెట్టేశా. నెగెటివ్ పడింది. ఆయన క్రీ.పూ. 301లోనే ఇప్సస్ యుద్ధంలో పోయాడు, అప్పటికి మన దగ్గర ఇంకా చంద్రగుప్తుడి కాలమే నడుస్తోంది. శాసనంలో ఉన్నది మనవడు ఆంటిగోనస్ గొనాటస్. పోయిన పెద్దాయన దగ్గరికి ధర్మప్రచారం పంపించానన్నమాట!

ఆ రాత్రి నోట్స్ పక్కన పెట్టి తెల్లకాగితం మీద వంశవృక్షం గీశా. ఆంటిగోనస్, కొడుకు దెమెత్రియస్, వాడి కొడుకు మళ్ళీ ఆంటిగోనస్, వాడి కొడుకు మళ్ళీ దెమెత్రియస్. మనిళ్లలో మనవడికి తాత పేరు పెట్టినట్టే, అంతే. అది కనిపించాక బట్టీ పట్టాల్సిన పని తప్పింది. ఆ చివరి దెమెత్రియస్ కొడుకే రోమన్ల చేతిలో ఓడిన 5వ ఫిలిప్, అలెగ్జాండర్ తండ్రి 2వ ఫిలిప్‌కీ ఈయనకీ మధ్య నూట పాతికేళ్ల పైనే తేడా.

ఈ 1, 2, 3 అంకెలు వాళ్లు పెట్టుకున్నవి కావు, తర్వాతి చరిత్రకారులు తగిలించినవి. అందుకే నేను అంకె వదిలేసి తండ్రి పేరు, బిరుదు, ఎలా చచ్చాడు అన్నవి మూడే రాసుకున్నా. ఈజిప్టు ఏలిన టోలెమీల దగ్గర ఇది బాగా పనిచేసింది, ఎందుకంటే లాగస్ కొడుకు టోలెమీ తన కొడుకుల్లో ఇద్దరికి తన పేరే పెట్టాడు, ఇదేం సరదానో. వాళ్లలో 'పిడుగు' అనే అర్థం వచ్చే కెరౌనస్ క్రీ.పూ. 281లో అలెగ్జాండర్ పాత సేనాని సెల్యూకస్‌ని పొడిచి చంపి మాసిడోనియా గద్దె ఎక్కి, రెండేళ్లకే గాల్ తెగల చేతిలో చచ్చాడు. ఈజిప్టులో ఉండిపోయిన ఫిలడెల్ఫస్సే శాసనంలోని 'తులమయ'.

అలెగ్జాండర్ సేనానుల్లో క్లైటస్‌లు ఇద్దరు. గ్రానికస్ నది దగ్గర యుద్ధంలో అలెగ్జాండర్ ప్రాణం కాపాడి, 328లో సమర్‌కండ్ విందులో తాగిన గొడవలో అదే అలెగ్జాండర్ ఈటెకి బలైనవాడు నల్ల క్లైటస్. ఆరేళ్ల తర్వాత అమోర్గోస్ ద్వీపం దగ్గర నౌకాయుద్ధం గెలిచినవాడు తెల్ల క్లైటస్. విందు నలుపు, ఓడ తెలుపు అని మార్జిన్‌లో రాసుకున్నా, మళ్ళీ తప్పు చేయలేదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి 14 శిలాశాసనాలూ ఉన్నాయి, వీలైతే ఒకసారి వెళ్లి రండి, ఈ పేర్లు కాగితం మీద చదివినదానికంటే గట్టిగా గుర్తుంటాయి. ఒక్క 'అలికసుదర' అనే పేరు దగ్గర జాగ్రత్త. గ్రీకు ప్రాంతాలైన ఎపిరస్ అలెగ్జాండరా, కొరింథ్ అలెగ్జాండరా అని పండితులే తేల్చలేదు, మెయిన్స్‌లో రెండూ రాయండి. మన దేశం మీదికి వచ్చిన అలెగ్జాండర్ అని మాత్రం రాయకండి, ఆయన 323లోనే బాబిలోన్‌లో పోయాడు.