పాత వాల్వు రేడియోలో ఆ మోత ఎక్కడిది?

తాతయ్య వాల్వు రేడియో, అంటే ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కే గాజు గొట్టాలతో పనిచేసేది, ఈ మధ్యే విప్పాను. ఆన్ చేసి వాల్వులు వేడెక్కగానే తుమ్మెద తిరిగినట్టు ఒకటే మోత. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది తగ్గలేదు, అంటే స్టేషన్ నుంచి వచ్చేది కాదు, నా అనుమానం పవర్ సప్లై మీదే. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ వాల్వు దాన్ని ఫుల్ వేవ్‌లో, అంటే అలలోని రెండు సగాలనూ వాడి, డీసీ చేశాక మిగిలే అల 100 హెర్ట్జ్, దాన్ని ఆపాల్సిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోయాయి.

కొత్తవి వేస్తే మోత పోయింది, పాట మాత్రం ఇంకా బొంగురుగానే ఉంది. మల్టీమీటర్ పెడితే స్పీకర్‌ను నడిపే ఈఎల్84 వాల్వు గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) మీద పాజిటివ్ వోల్టేజీ! అక్కడ దాదాపు సున్నా ఉండాలి. దాని ముందున్న మైనం పూసిన కాగితం కెపాసిటర్ డీసీని ఆపకుండా లీక్ చేస్తోంది. అలాగే వాడితే వాల్వు లోపల ఎర్రగా కాలి పాడైపోతుంది, దయచేసి మీరు ఇది ముందే చూసుకోండి. ఇంకో మాట, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో 250 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

నాబ్ తిప్పితే వచ్చే చిటపటలకు కాంటాక్ట్ క్లీనర్ సరిపోయింది. చివరికి మిగిలిన గరగర అసలు రేడియోదే కాదు, గదిలోని ఎల్‌ఈడీ బల్బుది! అది ఆపగానే మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ స్టేషన్ ఎంత శుభ్రంగా పట్టిందో! విజయవాడ 837 ఇంకా సన్నగానే వస్తోంది, దానికి ఏరియల్ తీగ పొడవు పెంచాలి.