ఏడు వేలకి రెండోసారి టాక్స్ కట్టబోయాను

2025 మార్చిలో అమెరికా 2024 టాక్స్ రిటర్న్ వేస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా బాగానే కనిపిస్తున్న రీఫండ్ కాస్తా 1099-ఆర్ (రిటైర్మెంట్ ఖాతాలోంచి డబ్బు తీస్తే బ్రోకర్ పంపే కాగితం) ఎక్కించగానే 1,680 డాలర్లు తగ్గిపోయింది. నిద్రమత్తు వదిలింది!

నేను చేసింది ఇక్కడ మనవాళ్ళు చాలామంది చేసే బ్యాక్‌డోర్ రాతే. ఇద్దరి జీతాలూ కలిపి 2024 పరిమితి 2,40,000 దాటాయి కాబట్టి, టాక్స్ కట్టేసిన డబ్బు దాచుకునే రిటైర్మెంట్ ఖాతా రాత్ ఐఆర్ఏలో నేరుగా వేయడానికి వీల్లేకపోయింది, అందుకని కొందరికి టాక్స్ మినహాయింపు దొరికే ట్రెడిషనల్ ఐఆర్ఏలో 7,000 వేసి, కొద్దిరోజులాగి, మధ్యలో పడ్డ 3 డాలర్ల వడ్డీతో సహా రాత్‌లోకి మార్చేశాను. టాక్స్ కట్టగా మిగిలిన జీతం డబ్బే కదా, మళ్ళీ 24 శాతం దేనికి?

కాగితం తీసి చూస్తే ఒకటో బాక్సులో (తీసిన మొత్తం) 7,003, 2ఎ బాక్సులోనూ (టాక్స్ పడేది) 7,003. పక్కన 2బిలో చిన్న టిక్కు: ఎంత మీద టాక్స్ పడుతుందో తేల్చలేదని. బ్రోకర్ తప్పేం లేదు, ఆ డబ్బుకి నేను మినహాయింపు తీసుకున్నానో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? తీసుకోలేదని చెప్పుకోవాల్సింది మనమే, 8606 ఫామ్‌లో. సాఫ్ట్‌వేర్‌లో ఐఆర్ఏలో డబ్బు వేసిన సంగతి అడిగే పేజీ ఎక్కడో వెనక ఉంది, నేనది దాటేసి వచ్చేశాను. అక్కడ 7,000 రాశాక అసలు రిటర్న్ ఫామ్ 1040లో 4ఎ (మొత్తం) దగ్గర 7,003, 4బి (టాక్స్ పడేది) దగ్గర 3 వచ్చాయి. రీఫండూ తిరిగొచ్చింది.

నా ఫ్రెండ్ పరిస్థితి ఇంత తేలిక కాదు. పాత కంపెనీలో టాక్స్ పడకముందే దాచిన 401కె రిటైర్మెంట్ డబ్బు తెచ్చి ట్రెడిషనల్ ఐఆర్ఏలో పెట్టాడు, డిసెంబర్ 31కి అందులో 63,000 ఉంది. కొత్తగా వేసిన 7,000 మాత్రమే మార్చానంటే ఐఆర్ఎస్ (టాక్స్ శాఖ) ఒప్పుకోదు, మొత్తం 70,000 ఒకే కుండలో పాలూ నీళ్ళూ లెక్క. అందులో టాక్స్ కట్టేసింది పదోవంతే కాబట్టి, మార్చిన 7,000లో 700కే మాఫీ, మిగతా 6,300కి టాక్స్ పడింది. ఆ పాత డబ్బుని ఏడాది ముగిసేలోపు ఇప్పటి కంపెనీ 401కెలోకి తోసేసి ఉంటే సరిపోయేది, ప్లాన్ ఒప్పుకుంటే.

ఇంకోటి, జాయింట్‌గా ఫైల్ చేసినా 8606 ఎవరిది వాళ్ళదే. మా ఆవిడ 2024 కోటా 7,000 2025 మార్చిలో వేసి వెంటనే మార్చేసింది. ఆ మార్పిడికి 1099-ఆర్ 2026 జనవరిలోగానీ రాదు. అందుకని తన 2024 ఫామ్‌లో 14వ లైన్లో (టాక్స్ కట్టేసిన డబ్బులో తర్వాతి ఏడాదికి మిగిలింది) 7,000 అలాగే కూర్చుంది. 2025 ఫామ్‌లో దాన్ని రెండో లైన్లో రాయాలి. మర్చిపోతానని ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌ల ఫైల్లో పెట్టాను.