తిరుగుతోంది, కానీ దిగడం లేదు

మిన్నెసోటాలో మాకిది నాలుగో చలికాలం. మొదటి మూడూ కిటికీ అద్దంలోంచి చూసి గడిపేశాం. పోయిన డిసెంబరులో పక్కింటి పెద్దాయన తన పాత ఆగర్ తెచ్చి, భుజం నొప్పి వల్ల ఇక తిప్పలేకపోతున్నానని నా చేతిలో పెట్టారు. ఆగర్ అంటే గడ్డకట్టిన సరస్సు మీద చేపల కోసం కన్నం వేసే పెద్ద బరమా. దీనికి మోటారు లేదు, రెండు చేతులతో తిప్పడమే. ఆరంగుళాల కన్నం పడుతుంది. అదీ నయమే. ఎనిమిదంగుళాల దానితో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ మంచు తీస్తే చాలు.

జనవరిలో ఓ శనివారం మిల్ లాక్స్ సరస్సుకు వెళ్ళాం. మినియాపొలిస్ నుంచి ఉత్తరానికి సుమారు వంద మైళ్ళు. నడవడానికి నాలుగంగుళాల గట్టి మంచు ఉండాలని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. ఆ రోజు అడుగున్నర మందం ఉంది, దాని మీద కార్లే తిరుగుతున్నాయి. పక్కనున్న వాళ్ళు చూస్తుండగానే కన్నం వేసేసి గాలం దించేశారు. నేను పావుగంట తిప్పాను. లోపల చెమట, బయట మీసం మీద మంచు. ఆగర్ గిర్రున తిరుగుతోంది తప్ప కిందికి దిగడం లేదు. పైకి వచ్చేది కూడా పిండిలా ఉంది. పక్కవాళ్ళ కన్నాల చుట్టూ చూస్తే కొబ్బరి కోరులాంటి పొరలు పడున్నాయి. తేడా అక్కడే తెలిసిపోయింది: బ్లేడు కోయడం లేదు, మంచును రుద్దుతోంది.

ఇంటికి వచ్చి బ్లేడ్లు విప్పాను. మొత్తం రెండు, బొటనవేలంత వెడల్పు. వెలుతురులో పెట్టి చూస్తే అంచు పొడవునా సన్నటి తెల్లగీత మెరుస్తోంది. పదునున్న అంచు అలా మెరవదు, మెరిసిందంటే మొద్దుబారినట్టే. ఒకదాని మూలన గంటు కూడా ఉంది. ఒడ్డు దగ్గర లోతు లేనిచోట కన్నం వేస్తే ఆగర్ అడుగునున్న ఇసుకకు తగులుతుంది, బ్లేడుకు అంతకంటే చేటు లేదు. కార్లు తిరిగిన దారుల్లో వేసినా అంతే, టైర్లతో వచ్చిన రోడ్డు ఇసుక మంచులో ఉంటుంది.

ఇక నా తెలివి చూడండి. కూరగాయల కత్తిని రెండు వైపులా రాయి మీద రుద్దుతాం కదా, దీన్నీ అలాగే రుద్దాను, ఎక్కువగా అడుగువైపే. కాగితం పెడితే సర్రున తెగింది. మరుసటి వారం మళ్ళీ వెళితే ఈసారి మంచులోకి అసలు పట్టనే లేదు! టెన్షన్ కంటే సిగ్గు ఎక్కువైంది.

మా బాబాయ్ తెనాలిలో వడ్రంగి. వీడియో కాల్‌లో బ్లేడు చూపించాను. కాసేపు అటూ ఇటూ తిప్పించుకుని చూశాడు.

"ఒరే, దీని అడుగెందుకు అరగదీశావు?"

"పదునొచ్చింది కదా బాబాయ్."

"పదునొస్తే సరిపోతుందా? చిత్రికలో బ్లేడు కొన పైకి లేచిపోతే చెక్కను ఏం తీస్తుంది? నీ బ్లేడుదీ అదే కథ: ముందు దాని మడమ, అంటే వెనకభాగం ఆనుతోంది, కొన గాల్లో ఉంది."

మంచును చూడని మనిషి అరనిమిషంలో తేల్చేశాడు. నా బ్లేడుకు వాలు, అంటే పదును కోసం ఏటవాలుగా తీసిన ముఖం, పైవైపు ఉంది. అడుగు చదునుగా ఉండాలి, అది మంచుకు కొద్దిపాటి సందు ఇస్తూ ఉంటేనే కొన ముందుగా తగులుతుంది. ఆ సందును నేనే అరగదీసేశాను. ఎంత నూరినా ఆ జత ఇక పనికిరాదు. కొత్త జత కొన్నాను. రెండూ ఒకేసారి మార్చాలి, లేకపోతే ఒకటే పని చేస్తుంది, ఆగర్ ఊగుతుంది. పాతవి సాన నేర్చుకోవడానికి పనికొచ్చాయి.

వాటి మీద బాబాయ్ దగ్గరుండి చేయించినంత పని చేశాను. వాలు మీద నల్ల మార్కర్ పూసి, డైమండ్ రాయి మీద ఒక్కసారి తోసి చూడాలి. ఎక్కడ రంగు పోయిందో అక్కడే రాయి తగులుతోందని లెక్క. రంగు వెనకవైపే పోతే బ్లేడు కొంచెం లేపాలి, కొన దగ్గరే పోతే కొంచెం దించాలి. వాలంతా ఒకేలా పోయేవరకు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చేయి కుదిరాక మాత్రం పది నిమిషాల పని. 600 నంబరు రాయి మీద ఒక్కో బ్లేడుకు ఇరవై తోపులు, ఆ తర్వాత ఇంకా నున్నటి 1200 మీద ఇంకో పది. రెంటికీ లెక్క సమానంగా ఉండాలి. అప్పటికి అడుగువైపు వేలికి సన్నటి గరుకు తగులుతుంది. బ్లేడును పూర్తిగా పడుకోబెట్టి ఒకటి రెండుసార్లు లాగితే అది రాలిపోతుంది. అడుగువైపు పని అంతే, ఇంకొక్క తోపు కూడా వద్దు. కరెంటు గ్రైండర్ జోలికి పోవద్దని బాబాయ్ మరీ మరీ చెప్పాడు. వేడికి ఉక్కు నీలంగా మారిందంటే పదును నిలవదు.

తుప్పు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, కళ్ళద్దాలు నేర్పాయి. చలిలోంచి ఇంట్లోకి రాగానే అద్దాలు మసకేస్తాయి కదా, బ్లేడుకూ అదే జరుగుతుంది. తుడిచి తొడుగు వేసి మూల పెడితే, తెల్లారేసరికి లోపల ఎర్రగా ఉంది. ఇప్పుడు తొడుగు తీసి ఓ గంట వదిలేసి, చెమ్మంతా ఆరాక, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాస్తున్నాను. ఆ సీసా కనబడక మా ఆవిడ రెండుసార్లు ఇల్లంతా వెతికింది. సరస్సు మీద బ్లేడుకు మంచు పేరుకున్నా నేలకేసి కొట్టను, నీళ్ళలో కాసేపు ముంచుతాను.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. మంచు ఇంకో నాలుగంగుళాలు పెరిగింది. కొత్త బ్లేడ్లు బిగించి, బరువు వేయకుండా తిప్పాను. పొరలు పొరలుగా వచ్చింది, కిందికి లాగుతున్నట్టే దిగింది. నిమిషం దాటిందేమో, చివర్లో బుడుంగుమని నీళ్ళు పైకి పొంగాయి. సాయంత్రానికి రెండు వాలై చేపలు పడ్డాయి, వాటిని కారం పట్టించి వేయించాం.

ఆ కొత్త జతకు కూడా ఇప్పుడు ఓ చిన్న గంటు పడింది, ఎక్కడ తగిలిందో తెలీదు. అది పోవాలంటే రెండు బ్లేడ్లనూ అర మిల్లీమీటరు వెనక్కి తీసుకురావాలి. మంచు కరిగాక తీరిగ్గా కూర్చుంటాను.